కిక్, బేస్ గొడవ: ఈక్యూ తెరవకముందే తేల్చుకోవాల్సిన సంగతులు

కిక్, అంటే బీట్‌లో దుమ్ మని కొట్టే డ్రమ్, ఒక్కదాన్నే సోలో చేసి వింటే ఛాతీ మీద గుద్దినట్టు ఉంటుంది. బేస్ ఒక్కటే వింటే అదీ బ్రహ్మాండంగా ఉంటుంది. రెండూ కలిపి ప్లే చేయగానే మాత్రం కింద అంతా ఒకటే బురద, కిక్ ఎక్కడ మొదలైందో బేస్ ఎక్కడ ఆగిందో తెలీదు, మాస్టర్ మీటర్ ఎర్రగా కొట్టుకుంటూ ఉంటుంది, అయినా ట్రాక్ మాత్రం చిన్నగా, నీరసంగా వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ మ్యూజిక్ మొదలుపెట్టినవాళ్లలో ఈ గోతిలో పడనివాళ్లు తక్కువ. నేనైతే పడి, చాలాకాలం అందులోనే కాపురం పెట్టాను.

అప్పట్లో నేను చేసే పని ఒకటే. కిక్ మీద ఈక్యూ (కోరిన ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే పరికరం) తెరిచి 60 హెర్ట్జ్ దగ్గర పెంచడం, బేస్ మీద ఇంకో ఈక్యూ తెరిచి అదే 60 దగ్గర గుంట తవ్వడం. బేస్ పల్చబడిందనిపిస్తే 90 దగ్గర పెంచేవాణ్ణి, దాంతో కిక్ బాడీ మునిగిపోయేది, దానికోసం కిక్‌ని 110 దగ్గర పెంచేవాణ్ణి. గంట గడిచేసరికి రెండు ఛానెళ్లలో కలిపి ఎనిమిది బ్యాండ్లు, మిక్స్ మాత్రం మొదలుపెట్టినప్పటికంటే అధ్వానం. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకున్నానని చాలా ఆలస్యంగా తెలిసింది. అసలు తేడా ఫ్రీక్వెన్సీలో కాదు, టైమ్‌లో ఉంది. కిక్ తోక ఇంకా మోగుతుండగానే బేస్ నోట్ వచ్చి దాని మీద కూర్చుంటోంది. కిక్ తోకని కాస్త కత్తిరిస్తే ఆ ఎనిమిది బ్యాండ్లలో ఆరు అవసరమే లేకపోయాయి.

అందుకే ఇప్పుడు నా వరస ఇది: ముందు టైమ్, తర్వాత పిచ్, తర్వాత ఫేజ్ (రెండు తరంగాలు కలిసి నడుస్తున్నాయా లేదా అన్నది), లెవెల్, సైడ్‌చైన్ (కిక్ పడ్డప్పుడు బేస్‌ని తగ్గించడం), అన్నిటికంటే చివర ఈక్యూ. ఈ వరసలోనే చెప్పుకుపోతాను. మధ్యలో పక్కదారి పడితే ఏమనుకోకండి.

ముందు మీరు వింటున్నది నిజమేనా?

50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు. మీ గది అంతకంటే చిన్నదే అయి ఉంటుంది. 3.5 మీటర్ల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోయే మొదటి తరంగం సుమారు 49 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఆ పొడవుకి సరిగ్గా మధ్యలో కూర్చుంటే ఆ ఫ్రీక్వెన్సీ దాదాపు మాయమైపోతుంది, గోడకి వీపు ఆనించి కూర్చుంటే ఉబ్బిపోయి వినిపిస్తుంది. అంటే కిక్ 49 దగ్గర ఉంటే, మీరు కుర్చీ జరిపినప్పుడల్లా కిక్ మారినట్టు అనిపిస్తుంది. నమ్మకపోతే ఇప్పుడే ఒక సింథ్‌లో సైన్ వేవ్ పెట్టి 40 నుంచి 100 హెర్ట్జ్ వరకు మెల్లగా జరుపుతూ వినండి. కొన్ని నోట్లు గదిని దద్దరిల్లిస్తాయి, కొన్ని ఉన్నాయో లేవో తెలీదు. ఆ రెండు రకాల నోట్లనీ ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. ఆ నోట్ల విషయంలో స్పీకర్ చెప్పేది నమ్మకుండా హెడ్‌ఫోన్‌లో చూసుకోవాలన్నమాట.

వాల్యూమ్ సంగతి కూడా ఉంది. మన చెవి తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని సరిగా పట్టుకోలేదు, ఇది 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన విషయమే. రాత్రిపూట ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నారని సౌండ్ తగ్గించి మిక్స్ చేస్తే బేస్ చాలట్లేదనిపించి పెంచుతూ పోతాం, తెల్లారి మామూలు వాల్యూమ్‌లో వింటే ఇల్లు కూలిపోతున్నట్టు ఉంటుంది. ఏదో ఒక వాల్యూమ్ ఎంచుకుని, కింది భాగం మిక్స్ చేస్తున్నంతసేపు ఆ నాబ్ ముట్టుకోకండి. కంటికి తోడుగా ఒక స్పెక్ట్రమ్ ఎనలైజర్ పెట్టుకోండి. వోక్సెంగో వాళ్ల స్పాన్ ఉచితంగానే దొరుకుతుంది, దాన్ని మించింది మొదట్లో అవసరం లేదు.

కిక్ ఎంత పొడవు?

అసలు కథ ఇక్కడే ఉంది కాబట్టి కాసేపు ఇక్కడే ఆగుదాం.

కిక్‌లో మూడు భాగాలుంటాయి. మొదట కొన్ని మిల్లీసెకన్ల క్లిక్, ఇది 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కూడా ఉంటుంది, చిన్న స్పీకర్లో కిక్ వినిపించేది దీనివల్లే. తర్వాత పంచ్, పిచ్ పైనుంచి కిందికి జారుతూ 200 నుంచి 100 హెర్ట్జ్ మీదుగా దిగే చోటు. చివర్లో తోక, 45 నుంచి 60 హెర్ట్జ్ దగ్గర నిలబడి మెల్లగా చల్లారేది. బేస్‌తో గొడవపడేది దాదాపు ఎప్పుడూ ఈ తోకే.

128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) ట్రాక్ తీసుకోండి. ఒక బీట్ 469 మిల్లీసెకన్లు. బేస్ మామూలుగా ఆఫ్‌బీట్ (రెండు బీట్లకి సరిగ్గా మధ్య) మీద పడుతుందనుకుంటే, కిక్ తర్వాత సరిగ్గా 234 మిల్లీసెకన్లకి బేస్ నోట్ మొదలవుతుంది. ఇప్పుడు మీ కిక్ శాంపిల్‌ని ఆడియో ఎడిటర్లో పెద్దది చేసి చూడండి. శాంపిల్ ప్యాక్‌లలో వచ్చే కిక్‌లు సోలోలో బావుండాలని చేసినవి, కాబట్టి చాలావాటికి తోక పొడుగ్గా ఉంటుంది. ఉదాహరణకి తోక 350 మిల్లీసెకన్లు ఉందనుకోండి. ప్రతి బీట్‌లో 116 మిల్లీసెకన్లపాటు కిక్, బేస్ ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నట్టే. ఈ 116 మిల్లీసెకన్లని ఏ ఈక్యూ బాగుచేయలేదు.

చేయాల్సింది చాలా తేలిక. శాంపిల్ చివర ఫేడ్‌అవుట్ పెట్టి, తోక 210 – 220 మిల్లీసెకన్ల దగ్గర పూర్తిగా సున్నా అయ్యేలా చూడండి. ఫేడ్ మరీ నిటారుగా ఉంటే కిక్‌ని కత్తెరతో కోసినట్టు వినిపిస్తుంది, అందుకే 120 మిల్లీసెకన్ల దగ్గరే మొదలుపెట్టి వంపుగా దించాలి. సోలోలో వింటే కిక్ బక్కచిక్కినట్టు అనిపిస్తుంది. అనిపించనివ్వండి! బేస్‌తో కలిపి వినండి. వదిలేసిన ఆ తోక బరువుని బేస్ నోట్ వచ్చి మోస్తుంది, వినేవాళ్ల చెవికి రెండూ కలిసి ఒకే పెద్ద కిక్‌లాగా వినిపిస్తాయి.

బేస్ నోట్ల పొడవుకీ ఇదే లెక్క. పియానో రోల్‌లో నోట్‌ని తర్వాతి కిక్ దాకా లాగి వదిలేస్తుంటాం, సింథ్ రిలీజ్ (నోట్ ఆగాక శబ్దం చల్లారే సమయం) ఇంకో 200 మిల్లీసెకన్లు ఉంటుంది, అది వెళ్లి కిక్ నెత్తిన పడుతుంది. నోట్‌ని కిక్‌కి కొంచెం ముందే ఆపండి, రిలీజ్ 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల పెట్టండి. మరీ సున్నా పెడితే నోట్ చివర టిక్ మని శబ్దం వస్తుంది.

సైట్రాన్స్ అనే వేగమైన డ్యాన్స్ సంగీతం చేసేవాళ్లకి ఈ లెక్క ఇంకా బిగుతుగా ఉంటుంది. 140 బీపీఎంలో పదహారో నోట్ (బీట్‌లో నాలుగో వంతు) ఒక్కోటి 107 మిల్లీసెకన్లే, మొదటిదాన్ని కిక్ తీసుకుంటే మిగతా మూడూ బేస్‌వి. ఆ 107 మిల్లీసెకన్లలో 55 హెర్ట్జ్ తరంగం ఆరుసార్లు కూడా పూర్తిగా తిరగదు. అంత ఇరుకులో కిక్ తోక 20 మిల్లీసెకన్లు ఎక్కువైనా పక్కనున్న బేస్ నోట్ మొదలు చెడిపోతుంది. అందుకే ఆ సంగీతం చేసేవాళ్లు కిక్ తోకతో అంతంతసేపు కుస్తీ పడతారు, బయటివాళ్లకి అది పిచ్చిలాగా కనిపిస్తుంది కానీ కాదు.

ట్రాప్‌లో మాత్రం లెక్క తిరగబడుతుంది. రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది, దాని కిక్‌కి తోకని ఎంతో పొడుగ్గా లాగొచ్చు, లాగి నోట్ల ప్రకారం వాయిస్తే అదే బేస్. అప్పుడు 808 అనేది బేస్, దాని మీద పెట్టే ఇంకో కిక్ పని క్లిక్, పంచ్ ఇవ్వడం మాత్రమే. ఆ కిక్‌ని 80 – 100 మిల్లీసెకన్లకి కోసేసి, కింద 808ని ప్రశాంతంగా వదిలేయండి.

ఎవరు పైన, ఎవరు కింద

ఈ నోట్లు దగ్గర పెట్టుకుంటే ఎప్పుడూ పనికొస్తాయి: సీ1 అంటే 32.7 హెర్ట్జ్, డీ1 36.7, ఈ1 41.2, ఎఫ్1 43.7, జీ1 49, ఏ1 55, బీ1 61.7, సీ2 65.4. ఈ1 కంటే కింద చాలా సిస్టమ్‌లు చేతులెత్తేస్తాయి కాబట్టి, ట్రాక్ సీ మైనర్‌లో ఉంటే నాకు భలే చిరాకు. సీ1 మరీ కింద, సీ2 మరీ పైన. డ్యాన్స్ ట్రాక్‌లు ఈ, ఎఫ్, జీ చుట్టూ ఎక్కువగా తిరగడానికి ఇదీ ఒక కారణమే. వోకల్ లేకపోతే ట్రాక్ మొత్తాన్ని రెండు సెమీటోన్లు (పియానోలో రెండు కీలు) జరపడానికి మొహమాటపడకండి, మిక్సింగ్‌లో మూడు గంటలు మిగులుతాయి.

రెండు దారులున్నాయి. బేస్ ఈ, ఎఫ్ దగ్గర 41 – 44 హెర్ట్జ్‌లో ఉంటే కింది అంతస్తు బేస్‌ది. కిక్‌ని పొట్టిగా, 60 పైన బలం ఉండేలా ఎంచుకోండి. లేదా కిక్ తోక 48 – 50 దగ్గర బరువుగా ఉండి బేస్ లైన్ 65 నుంచి 110 మధ్య ఆడుకుంటుంటే కింది అంతస్తు కిక్‌ది. రెంటికీ కింది అంతస్తే కావాలంటే టైమ్‌లో పూర్తిగా విడదీయాలి, అంటే సైడ్‌చైన్ గట్టిగా పడాలి. ఏ దారో శాంపిల్ ఎంచుకునేటప్పుడే తేల్చుకోండి.

కిక్‌ని ట్రాక్ కీకి ట్యూన్ చేయాలా అని అందరూ అడుగుతారు. కిక్ పిచ్ జారుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఒక నోట్ అంటూ ఉండేది తోకలోనే. తోక పొట్టిగా కోసేశారంటే ట్యూనింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదు, అది ఏ నోటో చెవి పట్టుకునేలోపే అయిపోతుంది. తోక పొడుగ్గా ఉంటే మాత్రం తప్పదు, ముఖ్యంగా బేస్ నోట్‌కి ఒక సెమీటోన్ దూరంలో ఉంటే. 49, 52 హెర్ట్జ్ రెండూ కలిసి మోగితే సెకనుకి మూడుసార్లు ఊగుతున్నట్టు వినిపిస్తుంది, అది మిక్స్ తప్పనుకుని కంప్రెసర్లు (శబ్దం పెరిగినప్పుడు దాన్ని దించేవి) వేస్తూ కూర్చుంటాం. రూట్‌కి గానీ ఐదో స్వరానికి గానీ కలిపితే చాలు. అలాగని శాంపిల్‌ని నాలుగైదు సెమీటోన్లు లాగకండి, క్లిక్ కూడా జారిపోయి కిక్ రూపమే మారిపోతుంది. ఇంకో శాంపిల్ వెతుక్కోవడం మేలు.

ఫేజ్, అంటే నా పరువు తీసిన సంగతి

ఒకసారి నా ట్రాక్ పెద్ద సిస్టమ్ మీద ప్లే అవుతుంటే, మొదటి బార్‌లో కిక్ బాగానే కొట్టింది, రెండో బార్‌లో సగం ఎగిరిపోయింది, మూడో బార్‌లో మళ్లీ వచ్చింది. జనం ఆడుతూనే ఉన్నారు గానీ నాకు మాత్రం అక్కడ నేల చీలితే బావుండుననిపించింది. ఇంటికొచ్చి చూస్తే అన్ని బార్‌లలో అదే శాంపిల్, అదే వాల్యూమ్. తేడా అంతా బేస్‌లో ఉంది. సింథ్‌లో ఆసిలేటర్ ప్రతి నోట్‌కీ ఎక్కడపడితే అక్కడి నుంచి మొదలవుతోంది. ఒక నోట్ తరంగం పైకి వెళ్తూ మొదలైతే ఇంకోటి కిందికి వెళ్తూ మొదలవుతోంది, కిందికి వెళ్లినప్పుడల్లా కిక్‌ని తినేస్తోంది.

లెక్క ఇలా ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే లెవెల్ ఉన్న రెండు తరంగాలు సరిగ్గా కలిసి నడిస్తే 6 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది, సరిగ్గా ఎదురెదురుగా నడిస్తే మొత్తం సున్నా. 50 హెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 10 మిల్లీసెకన్ల తేడా వస్తే చాలు కలిసి నడిచేవి ఎదురు తిరుగుతాయి. కిక్, బేస్ ఒకే క్షణంలో మోగే ట్రాక్‌లలో ఇది చూసుకోకపోతే మిగతా పనంతా బూడిదలో పోసినట్టే.

ముందు సింథ్‌లో ఫేజ్ రీసెట్ చేయండి, అంటే ప్రతి నోట్ తరంగం ఒకే చోట మొదలయ్యేలా పెట్టండి. సీరమ్ అనే సింథ్‌లో అయితే ఆసిలేటర్ దగ్గర రాండ్ అని ఉన్న నాబ్‌ని సున్నా చేయాలి, వేరే సింథ్‌లలో రీట్రిగర్ అనో రీస్టార్ట్ అనో ఉంటుంది. యూనిసన్, డీట్యూన్ (ఒకే నోట్‌ని పలు గొంతులతో కాస్త అటూఇటూ పలికించేవి) సబ్ పొరలో, అంటే బేస్ అట్టడుగు పొరలో పూర్తిగా ఆపేయండి, వాయిస్‌లు ఒకటికి కుదించండి. తర్వాత బేస్‌ని ఆడియోగా బౌన్స్ చేసి కిక్ ట్రాక్ కిందే పెట్టి రెండిటినీ పెద్దవి చేసి చూడండి. కిక్ తోక పైకి లేస్తున్న చోట బేస్ కూడా పైకే లేస్తోందా? లేకపోతే పోలారిటీ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి వినండి. ఏ స్థితిలో కింది భాగం బరువుగా ఉంటే అది ఉంచండి. రెండూ సగంసగమే అనిపిస్తే బేస్ క్లిప్‌ని 2 – 3 మిల్లీసెకన్ల చొప్పున ముందుకీ వెనక్కీ జరిపి చూడండి, 5 మిల్లీసెకన్లు జరిపితే గ్రూవ్ ఏమీ పాడవదు. కంటితో చూస్తూ చేయాలంటే మెల్డా ప్రొడక్షన్ వాళ్ల ఉచిత బండిల్‌లో ఒక ఆసిలోస్కోప్ ఉంది, అది చాలు.

బేస్ లైన్‌లో నోట్లు మారుతుంటే అన్ని నోట్లకీ ఫేజ్ కలపడం సాధ్యం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. 49 తరంగం, 58 తరంగం ఒకేలా నడవవు కదా. అలాంటప్పుడు ఈ కుస్తీ మానేసి కిక్ ఉన్నంతసేపు సబ్‌ని పూర్తిగా దించేయడమే దారి. దానికే సైడ్‌చైన్.

లెవెల్ గురించి రెండు మాటలు

మిగతా ఛానెళ్లన్నీ మ్యూట్ చేసి, కిక్ పీక్ మైనస్ 10 డీబీ దగ్గర ఉండేలా పెట్టి మొదలుపెట్టండి. మాస్టర్ మీద వీయూ మీటర్ (సగటు లెవెల్ చూపే ముల్లు మీటర్) పెట్టుకుంటే ఒక పాత చిట్కా ఉంది: కిక్ ఒక్కటే మోగుతున్నప్పుడు ముల్లు మైనస్ 3 దగ్గరికి వచ్చేలా చూసి, తర్వాత బేస్ ఫేడర్‌ని మెల్లగా పెంచుతూ రెండూ కలిపి ముల్లు 0 తాకిన చోట ఆపాలి. సమాన బలమున్న రెండు వేర్వేరు శబ్దాలు కలిస్తే 3 డీబీ పెరుగుతుంది కాబట్టి రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నట్టు లెక్క. ఇది సూత్రమేమీ కాదు, మొదలుపెట్టే చోటు. టెక్నోకి కిక్ ఇంకో డీబీ పైన, డబ్‌స్టెప్‌కి బేస్ పైన ఉండటం మామూలే. ఆ తర్వాత చెవినే నమ్మండి.

సైడ్‌చైన్

కిక్ పడ్డప్పుడల్లా బేస్ తనంతట తానే తగ్గి మళ్లీ లేవడం, సైడ్‌చైన్ చేసేది ఇంతే. ఏబుల్టన్ లైవ్‌లో బేస్ ట్రాక్ మీద కంప్రెసర్ పెట్టి, పక్కనున్న చిన్న త్రికోణం నొక్కితే సైడ్‌చైన్ భాగం తెరుచుకుంటుంది, అక్కడ కిక్ ట్రాక్‌ని ఎంచుకోండి. ఎఫ్ఎల్ స్టూడియోలో అయితే మిక్సర్లో కిక్ ట్రాక్‌ని సెలెక్ట్ చేసి, బేస్ ట్రాక్ కింద ఉన్న బాణం మీద రైట్‌క్లిక్ చేసి, సైడ్‌చైన్ టు దిస్ ట్రాక్ అన్నది నొక్కి, బేస్ మీద ఫ్రూటీ లిమిటర్‌లో కంప్రెసర్ భాగానికెళ్లి సైడ్‌చైన్ ఇన్‌పుట్ ఎంచుకోవాలి.

మొదటగా రేషియో 4:1, అటాక్ 1 మిల్లీసెకన్, రిలీజ్ 120 పెట్టి, గెయిన్ రిడక్షన్ (శబ్దం తగ్గే మొత్తం) 6 డీబీ వచ్చేదాకా త్రెషోల్డ్ (తగ్గించడం మొదలయ్యే హద్దు) దించండి. ఆ 120 ఎక్కడిదంటే, 128 బీపీఎంలో పదహారో నోట్ 117 మిల్లీసెకన్లు. బేస్ తిరిగి లేచే తీరు ట్రాక్ నడకతో కలవాలి, రిలీజ్ నాబ్‌ని కళ్లు మూసుకుని తిప్పుతూ తల ఎక్కడ ఊగడం మొదలైందో చూసుకోండి. రిలీజ్‌ని 20 మిల్లీసెకన్ల కంటే తక్కువ పెడితే కంప్రెసర్ కిక్ తోకలోని ఒక్కో తరంగాన్నీ వెంటాడి బేస్‌ని గరగరలాడిస్తుంది. అటాక్ మరీ సున్నా అయితే బేస్ మొదట్లో టిక్ వినిపించొచ్చు, చాలాసార్లు కిక్ క్లిక్ దాన్ని కప్పేస్తుంది కాబట్టి వినిపిస్తే మాత్రమే పెంచండి.

నిజానికి నేను ఇప్పుడు కంప్రెసర్‌తో ఈ పని దాదాపు చేయను. కంప్రెసర్ కిక్ ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి స్పందిస్తుంది, కిక్ మార్చగానే మొత్తం మళ్లీ సెట్ చేసుకోవాలి. వాల్యూమ్ వంపు గీసుకునే ప్లగిన్లు, కేబుల్‌గైస్ వాళ్ల వాల్యూమ్‌షేపర్ లాంటివి, లేదా మామూలు వాల్యూమ్ ఆటోమేషన్ అయినా సరే, ప్రతిసారీ ఒకే వంపు ఇస్తాయి. వంపు ఇలా గీయండి: కిక్ పడగానే సున్నాకి దిగాలి, తోక సగం చల్లారేదాకా కిందే ఉండి, తోక అయిపోయేసరికి పూర్తిగా పైకి వచ్చేయాలి. కిక్ ఆడియోని పెద్దది చేసి దాని తోక వంపుని తలకిందులుగా గీసినట్టు ఊహించుకోండి, సరిగ్గా అదే కావాలి.

ఇంకో పని, బేస్ మొత్తాన్నీ దించకుండా 120 హెర్ట్జ్ కింది భాగాన్ని మాత్రమే దించడం. బేస్‌ని రెండు పొరలు చేసుకుంటే ఇది చాలా హాయి. కింది పొర శుభ్రమైన సైన్ వేవ్, మోనో, కిక్ పడ్డప్పుడు పూర్తిగా మాయం. పై పొరలో గరుకుదనం, స్టీరియో, అసలు రుచి అంతా, దాన్ని 2 – 3 డీబీ దించితే సరిపోతుంది. కిక్ పడ్డ క్షణంలో కూడా బేస్ గీత తెగిపోలేదనిపిస్తుంది, కింద మాత్రం కిక్‌కి ఖాళీ దొరుకుతుంది. పంపింగ్ కావాలనుకునే హౌస్ ట్రాక్‌లకి ఇది పనికిరాదు, అక్కడ మొత్తం ఊగాల్సిందే.

ఇప్పుడు ఈక్యూ

ఇక్కడిదాకా వచ్చేసరికి ఈక్యూకి పెద్దగా పని మిగలదు. కిక్‌లో డబ్బా కొట్టినట్టున్న శబ్దం ఉంటే 250 – 400 మధ్య 2 – 3 డీబీ తగ్గించండి. బేస్ పై పొరకి 100 – 120 దగ్గర హైపాస్ (దాని కిందున్న ఫ్రీక్వెన్సీలని కోసే ఫిల్టర్) పెట్టండి. మిగతా వాయిద్యాలు, ప్యాడ్‌లు, రివర్బ్ రిటర్న్‌లు 150 కింద ఏం చేస్తున్నాయో ఒకసారి చూడండి, చాలాసార్లు కిక్, బేస్ అమాయకులే, బురద అంతా ఒక ప్యాడ్ తెచ్చిపెట్టిందై ఉంటుంది.

కిక్ మీద అలవాటుగా 30 హెర్ట్జ్ హైపాస్ పెట్టేవాళ్లకి ఒక మాట. మామూలు ఈక్యూలో హైపాస్ పెడితే దాని పైనున్న ఫ్రీక్వెన్సీల ఫేజ్ కూడా జరుగుతుంది. నిటారైన ఫిల్టర్ అయితే ఇంకా ఎక్కువ. ఇందాక కష్టపడి కలిపిన ఫేజ్ మొత్తం ఒక్క క్లిక్‌తో చెదిరిపోతుంది. పోనీ లీనియర్ ఫేజ్ మోడ్ పెడదామంటే కిక్ ముందు ఒక మసక శబ్దం వస్తుంది, కిక్ పదును పోతుంది. 30 కింద నిజంగా చెత్త ఉందని ఎనలైజర్ చూపిస్తేనే పెట్టండి, పెట్టాక ఫేజ్ మళ్లీ చూసుకోండి.

ఫోన్‌లో బేస్ ఎందుకు వినిపించదు

55 హెర్ట్జ్ శుద్ధ సైన్ వేవ్‌ని ఫోన్ స్పీకర్ పలికించలేదు, వాల్యూమ్ ఎంత పెంచినా లాభం లేదు. కానీ దానికి 110, 165, 220 దగ్గర హార్మోనిక్స్ కలిపితే కింద 55 లేకపోయినా మెదడు దాన్ని ఊహించుకుంటుంది. సాచురేషన్ చేసేది ఇదే. సబ్ పొరని కాపీ చేసి, కాపీ మీద సాచురేషన్ గట్టిగా వేసి, 120 దగ్గర హైపాస్ పెట్టి, అసలు సబ్ కింద కొంచెం కొంచెంగా కలపండి. ల్యాప్‌టాప్ స్పీకర్లో బేస్ లైన్ ఏ నోట్లో ఉందో పాడగలిగేదాకా కలిపి అక్కడ ఆపేయండి. ఎక్కువైతే పెద్ద సిస్టమ్ మీద బేస్ ముక్కుతో పాడినట్టు ఉంటుంది.

120 కింద అంతా మోనో. ఎడమ, కుడి సబ్ వేర్వేరుగా ఉంటే మోనోలో మోగే సిస్టమ్ మీద అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అందుకని.

ముగించే ముందు ఈ పరీక్షలు

మాస్టర్ మీద లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపేది) పెట్టి, కిక్ పడ్డప్పుడు ఎంత గెయిన్ రిడక్షన్ వస్తోందో చూడండి. తర్వాత బేస్ మ్యూట్ చేసి మళ్లీ చూడండి. బేస్ ఉన్నప్పుడు లిమిటర్ 3 – 4 డీబీ ఎక్కువ తొక్కుతోందంటే కింద రెండూ ఇంకా ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టే, మళ్లీ తోకల దగ్గరికి వెళ్లాలి. మీకు నచ్చిన ఏదైనా ట్రాక్‌ని తెచ్చి మీ మిక్స్‌కి సమానమైన వాల్యూమ్‌కి దించి, రెండిటినీ 150 హెర్ట్జ్ లోపాస్‌లో పెట్టి మార్చిమార్చి వినండి. మిగతా సంగీతం పోయాక కింది భాగం తేడా మొహం మీద కొట్టినట్టు తెలుస్తుంది.

చాలామంది మర్చిపోయేది బ్రేక్‌డౌన్, అంటే ట్రాక్ మధ్యలో కిక్ ఆగిపోయే భాగం. కిక్ ఆగిపోగానే సైడ్‌చైన్ కూడా ఆగిపోతుంది, బేస్ ఒక్కసారిగా నిటారుగా లేచి అరుస్తుంది, ట్రాక్ ఊపు పోతుంది. దీనికి వినిపించని కిక్ ఒకటి పెట్టుకోండి. అంటే అవుట్‌పుట్ మాస్టర్‌కి వెళ్లకుండా సైడ్‌చైన్‌కి మాత్రమే వెళ్లే డమ్మీ కిక్, ట్రాక్ మొదటి నుంచి చివరిదాకా నాలుగు బీట్లూ కొడుతూనే ఉండాలి. బ్రేక్‌డౌన్‌లో బేస్ ఊగుతూనే ఉంటుంది. ఊగకూడదనుకున్న చోట డమ్మీని తీసేసి, బేస్ ఫేడర్‌ని ఆటోమేషన్‌లో ఒకటి రెండు డీబీ దించండి, డ్రాప్‌లో అసలు కిక్ తిరిగొచ్చే బీట్ మీద మళ్లీ పైకి పెట్టండి.